రోకలిబండ నారు కొరికితే తప్పెవరిది?



పోయిన వానాకాలం ఆదిభట్లలో మా టమాటా నారుమడిలో రోజూ పొద్దున కొన్ని మొక్కలు వాలిపోయి కనిపించేవి. రాత్రి టార్చి వేసి చూస్తే రోకలిబండలు! వేలెడంత పొడవు, నల్లగా ఉన్నాయి. లేత కాండాన్ని గీకి తింటున్నాయి.

"మందు కొట్టురా, నారంతా పోతది" అన్నాడు నాయన. నాకూ అదే అనిపించింది. కానీ గట్టు మీద వేపచెట్టు కింద చూస్తే, కుళ్లిన ఆకుల్లో అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. పక్కనున్న పచ్చి మొక్కల జోలికి పోవడం లేదు. అప్పుడు అర్థమైంది. శుభ్రంగా ఉండాలని నారుమడిలో ఒక్క ఆకు లేకుండా ఊడ్చింది నేనే.

రోకలిబండ అసలు తిండి ఎండుటాకు, కుళ్లిన కట్టె. తిన్నదాన్ని గుళికల్లా వదులుతుంది, అది మట్టిలో కలుస్తుంది. ఒంటి మీది గట్టి పెంకుకు సున్నం కావాలి. ఒంట్లో తేమ తొందరగా ఆరిపోతుంది కాబట్టి ఎండాకాలం మట్టిలోకి, రాళ్ల కిందికి పోయి, తొలకరికి బయటికి వస్తుంది. గుడ్లు మట్టిలోనే పెడుతుంది. పిల్లకు మొదట మూడు జతల కాళ్లే ఉంటాయి. కుబుసం విడిచినప్పుడల్లా ఖండాలు, కాళ్లు పెరుగుతాయి.

జెర్రితో పొరబడకండి. జెర్రికి ఖండానికి ఒక జత కాళ్లు, దీనికి చాలా ఖండాలకు రెండేసి జతలు. ఇది కుట్టదు. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుని ఘాటైన ద్రవం వదులుతుంది. చేతికి మరక పడుతుంది, కంట్లో పడితే మంట. పిల్లల్ని ముట్టనివ్వకండి.

తూర్పు ఆఫ్రికాలో అడుగు పొడవు దాటే రకం ఉంది. బ్రెజిల్‌లో ఎంబ్రాపా అనే వ్యవసాయ పరిశోధన సంస్థ రోకలిబండలతో ఎరువు తయారు చేయించి, కూరగాయల నారు పెంచడానికే వాడింది!

నేను చేసింది ఇంతే. మొక్కల మొదళ్లు ఖాళీగా ఉంచి, మడి చుట్టూ వేప, కానుగ ఆకులతో మందంగా ఆచ్ఛాదన వేశాను. తడి సాయంత్రం కాకుండా పొద్దున ఇచ్చాను. వారంలో నష్టం బాగా తగ్గింది. వీడియోలో ఆ ఆకుల పొర లేపి చూపించాను, చూడండి.

మా చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు, టీసీఎస్, ఏరోస్పేస్ పార్కు వచ్చాయి. పొలాలు ప్లాట్లు అవుతున్నాయి. జేసీబీ గట్టును, పైమట్టిని ఎత్తేస్తే రోకలిబండ ఎగరలేదు, ఉరకలేదు. అందుకే మా వేపచెట్టు గట్టు చెక్కడం మానేశాను. మీరూ ఒక్క గట్టు అట్లనే వదలండి.