కుక్క చర్మమునందలి మొండి సూక్ష్మజీవి

"మా కుక్క పొట్టమీద లేచిన చీముపొక్కులు సెఫలెక్సిన్ బిళ్ళలు వేసినను మానలేదు, మందు నకిలీదై యుండునా?" యని యొక పాఠకుడడిగిన ప్రశ్నను చూచి యూరకుండుట నాకు శక్యము కాలేదు, ఏలయన, మందు నిక్కమైనదైనను దానికి చిక్కని జీవి యొకటి కలదు, దాని యుపాయము పరమాద్భుతము.

కుక్కల చర్మముమీద సహజముగనే వసించుచు, ఎలర్జీవలననో గోకుకొనుటవలననో చర్మము చెడినపుడు చీము పుట్టించు ఆ జీవి స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్. దీనిని పోల్చుకొనుటలో శాస్త్రజ్ఞులే పొరబడిరి: మనుష్యులకు సెగగడ్డలు తెచ్చు ఆరియస్ యే యిదియని తొలుత తలచిరి, 1976లో ఇంటర్మీడియస్ అను జాతి నేర్పరచి అందు చేర్చిరి, 2005లో బెల్జియమునందు డెవ్రీసే బృందము సూడింటర్మీడియస్‌ను వర్ణించిన పిదప, 2007 నాటి పరిశోధనలవలన గాని కుక్కలందుండునది ఇదియేయను నిజము తేలలేదు. ఇది పేరుల తగవు మాత్రమే కాదు. ఆరియస్‌కు సరిపడు, సెఫాక్సిటిన్ అను మందుతో చేయు పరీక్ష మొండి సూడింటర్మీడియస్‌ను లొంగునదిగా చూపవచ్చును గనుక, దీనికి ఆక్సాసిలిన్‌తోనే పరీక్షింపవలయును.

ఇక ఉపాయమును వినుడు. బాక్టీరియా తన కణకవచమును చక్కెర గొలుసులతో నల్లి, పెప్టైడు వంతెనలతో బిగించుకొనును. ఆ బిగింపుపని చేయు ఎంజైములకు పెనిసిలిన్, సెఫలెక్సిన్ వంటి మందులు ఆ పెప్టైడు కొసవలెనే తోచి, పట్టువడిన పిమ్మట వీడక, వానిని నిశ్చేష్టములను చేయగా, కవచము సడలి కణము పగులును. ఈ మందులనుండి తప్పించుకొను మార్గములలో, మందునే ఛేదించు పెనిసిలినేజు అను ఎంజైము పూర్వమే తెలిసియుండెను. 1961లో ఇంగ్లండునందు జెవన్స్ అను శాస్త్రజ్ఞురాలు ప్రకటించిన, మెథిసిలిన్ అను మందునకు లొంగని ఆరియస్ మార్గము వేఱు. అట్టి జీవులందలి మెక్-ఎ అను జన్యువు, తలుపు మూసికొని పనిచేయు క్రొత్త ఎంజైము నొకదానిని పుట్టించును. మందు ఆ తలుపున ప్రవేశింపజాలదు. కవచపు పోగు మాత్రము ఎంజైముయొక్క దూరపు మఱియొక తావున తగిలినంతనే తలుపు తెఱచుకొనును! పాత ఎంజైములు మందునకు చిక్కినను కవచనిర్మాణము సాగుచునే యుండును. పైగా ఈ జన్యువు చలనశీలమైన డి.ఎన్.ఎ. ఖండమునందుండి, స్టాఫిలోకాకస్ జాతులలో నొకదానినుండి మఱొకదానికి పోగలదు.

కావున సెఫలెక్సిన్ విఫలమైనపుడు దానికి మాఱుగా అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ ఇచ్చుట, ఆ జీవి మెక్-ఎ గలదైనచో, వ్యర్థము; క్లావ్యులనేట్ పెనిసిలినేజును మాత్రమే అడ్డగించును. చీమును ప్రయోగశాలకు పంపి ఏ మందునకు లొంగునో తెలిసికొనకుండ బిళ్ళలు మార్చుచు పోవు అలవాటు నాకు మిక్కిలి కష్టము కలిగించుచున్నది. పైపొరలోని పొక్కులకు క్లోర్‌హెక్సిడీన్ స్నానము తఱచు చాలును. ప్రశ్న పంపిన పాఠకులు మొదట ఆ చీముపరీక్ష చేయింపవలసినదిగా కోరుచున్నాను.