దించని మడ్‌గార్డు

పాతదాన్ని పారేయడం ఈ రోజుల్లో చాలా సులువు. వీధిలో పాత సామాన్లవాడి కేక వినబడితే చాలు, పెరట్లో మూలనపడి ఉన్నదంతా తూకానికి వెళ్లిపోతుంది. బాగుచేసుకుందామంటేనే కష్టం. దానికి ఓపిక కావాలి, డబ్బు కావాలి, ఆ వస్తువును ఎరిగినవాళ్లు కావాలి. మా సంఘంలో ఒక పాత యెజ్డీ మోటారు సైకిలును బాగుచేయించిన ఆరు నెలల్లో ఈ సంగతి మాకు బాగా తెలిసివచ్చింది.

అది మాకన్నా ముందు ఇక్కడ పరిచర్య చేసి, ప్రభువునందు నిద్రించిన పాస్టరుగారి బండి. 1984 మోడల్ రోడ్‌కింగ్. 250 సీసీ తరగతి, ఒకటే సిలిండర్, రెండు సైలెన్సర్లు. కిక్ కొట్టే రాడ్డే మడిచి తిప్పితే గేరు రాడ్డు అవుతుంది. గుంటూరు జిల్లా నల్లరేగడి పల్లెల్లో ఆయన పాతికేళ్లు తిరిగింది దానిమీదే. ఆయన పోయాక అమ్మగారి ఇంటి వసారాలో, గోనెపట్టాల కింద ఉండిపోయింది.

ఈ బండి వంశం మట్టికి కొత్తది కాదు. చెకొస్లొవేకియాలో 1929లో పుట్టిన జావా కంపెనీ నమూనాలతో మైసూరులో 1961లో మోటారు సైకిళ్ల తయారీ మొదలైంది. 1970లలో యెజ్డీ పేరు వచ్చింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. జావాకు తోబుట్టువులాంటి సీజెడ్ కంపెనీ బండి మీద పాల్ ఫ్రెడ్రిక్స్ 1966లో 500 సీసీ మోటోక్రాస్ ప్రపంచ విజేత అయ్యాడు. మట్టిదారుల ఆ పెద్ద పోటీలో టూ-స్ట్రోక్ ఇంజన్ గెలవడం అదే మొదటిసారి. అంతవరకూ ఆ తరగతి బరువైన ఫోర్-స్ట్రోక్ బండ్లదే. 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ బండ్లు వచ్చాయిగాని అవి ఫోర్-స్ట్రోక్‌వి. ఆ పాత శబ్దం వాటిలో వెదికినా దొరకదు.

మా యువకులు నలుగురు స్పానర్లతో సిద్ధమైపోయారు. ఊళ్లో డెబ్బై దాటిన మెకానిక్ తాతయ్య ఒకరున్నారు. ఆయన వచ్చి అందరినీ ఆపారు. "అయ్యగారూ, ముందు విప్పొద్దని చెప్పండి వీళ్లకి. రెండ్రోజులు ఊరికే చూడమనండి" అన్నారు. ప్రతి వైరూ ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో, ఏ నట్టు ఎక్కడిదో ఫోన్లో ఫొటోలు తీయించారు. మాకు నెహెమ్యా గుర్తొచ్చాడు. యెరూషలేము చేరాక మూడు రోజులు ఆగి, ఎవరికీ చెప్పకుండా రాత్రివేళ కూలిన గోడలను చూసివచ్చిన తర్వాతే అతడు పని ఎత్తుకున్నాడు. పడగొట్టాల్సింది ఏమిటో, నిలబెట్టుకోవాల్సింది ఏమిటో తేల్చుకోకుండా పనిలో దిగితే బాగుచేసే చెయ్యే పాడుచేస్తుంది.

ఇంజన్ పట్టేసి ఉంది. యువకులు కిక్ రాడ్డు మీద నిలబడబోతే తాతయ్య కసురుకున్నారు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిలు, ఇంజన్ ఆయిలు కలిపి పోసి వారం రోజులు వదిలేశారు. రోజూ కాస్త కదిపి చూడటం, అంతే. ఎనిమిదో రోజున పిస్టన్ కదిలింది.

టూ-స్ట్రోక్ ఇంజన్ ఇంటి దగ్గర బాగుచేసుకోవడానికి వీలైనదే. దీనికి వాల్వులు లేవు, క్యామ్ లేదు. పిస్టన్ పైకి వెళ్తూ పైనున్న మిశ్రమాన్ని అదుముతుంది, అదే సమయంలో కింది గదిలోకి కొత్త మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. కిందికి దిగుతూ దాన్ని పైకి తోస్తుంది. పెట్రోలులో కలిపిన నూనే లోపలి భాగాలకు తడి. అందుకే ఆ కింది గదిలోకి బయటి గాలి చొరబడకూడదు. క్రాంకుకు రెండువైపులా ఉండే రబ్బరు సీళ్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడతాయి. ఒకవైపు సీలు పోతే గాలి దూరి మిశ్రమం పలచనవుతుంది, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. రెండోవైపు సీలు పోతే గేరుబాక్సులోని నూనెనే పీల్చేసుకుంటుంది, తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. పైకి ఎంత మెరుగు పెట్టినా, పది రూపాయల వస్తువులా కనబడే ఆ సీళ్లు మార్చకపోతే బండి నిలవదు. చాలామంది రంగుతో మొదలుపెడతారు. మా దృష్టిలో రంగు చివరి పని.

సిలిండరు బోరింగ్ చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయించాం. సైలెన్సర్లలో గడ్డకట్టిన మసి గీకి తీయడానికి రెండు రోజులు పట్టింది. ట్యాంకులో పిడికెడు బోల్టులు, వెనిగరు వేసి ఊపీ ఊపీ తుప్పు వదిలించారు. పాత ట్యాంకుకు చిల్లు ఉంటే మాత్రం ఇంటి దగ్గర వెల్డింగు మంట చూపించకండి. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నా లోపలి పెట్రోలు ఆవిరి పేలుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చాల్సి వచ్చింది. ఇథనాల్ తేమను లాగుతుంది, అందుకే బండి నిలిపేటప్పుడు కార్బురేటర్ ఖాళీ చేయడం మేలు.

మధ్యలో ఒకరు, ఇంజన్‌ మొత్తం మార్చేస్తే ఒక్క పూటలో తేలిపోతుందని మంచి ఇంజనే చూపించారు. దాని నంబరు ఆర్సీలో ఉన్నది కాదు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొత్తచేయించాలి, అక్కడ ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు చూస్తారు. నంబరు చెక్కేవాళ్లు ఉన్నారని కూడా ఆయనే చెప్పారు. వద్దన్నాం.

అయిన ఖర్చు 26,000 రూపాయలు. సంఘ పెద్దల్లో ఒకరు, "ఈ డబ్బుతో విధవరాండ్రకు బియ్యం కొనొచ్చు కదా అయ్యగారూ?" అని సూటిగానే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కానుకల పెట్టెలోంచి ఒక్క రూపాయి తీయలేదు, నెలనెలా ఇచ్చే బియ్యం ఆగలేదు. పాతిక పల్లెలవాళ్లు, తమ ఇళ్ల ముందు ఆ బండి ఆగడం ఎరిగినవాళ్లు, వందా రెండొందలూ తెచ్చి ఇచ్చారు. ఆ లెక్క చదివి వినిపించాక కూడా ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ తర్వాతి ఆదివారం 500 రూపాయలు మాత్రం ఇచ్చారు.

అసలు తగాదా మడ్‌గార్డు దగ్గర వచ్చింది. నల్లరేగడి వానకు తడిస్తే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య పిండిలా కూరుకుపోయి బండి కదలదు. పాస్టరుగారు ముందు మడ్‌గార్డును జానెడు పైకి ఎత్తించి, ఇనుప పట్టీలు వేయించుకున్నారు. చూడటానికి మోటోక్రాస్ బండిలా ఉండేది. యువకులు దాన్ని తీసేసి, క్రోమ్ పూత వేసిన కొత్తది కంపెనీ కొలతలో బిగిద్దామన్నారు. అమ్మగారికి చూపు తగ్గింది. ఆ పట్టీలు చేత్తో తడిమి, "దీన్ని కిందికి దించకండి బాబూ, ఇది ఆయన ఎత్తించిందే" అన్నారు.

కంపెనీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా చేస్తేనే బాగుచేసినట్టని కొందరంటారు. ప్రదర్శనకు పెట్టే బండికి అది సరే. దారికి తగ్గట్టు మారిన బండిలో తుప్పు వేరు, అనుభవం వేరు. పట్టీల తుప్పు గీకి, నల్లరంగు వేసి, మడ్‌గార్డును ఉన్నచోటే ఉంచాం. యువకుల్లో ఒకడు నెలరోజులు అలిగాడు.

మొదటి రోజు పదకొండో కిక్కుకు ఇంజన్ అందుకుంది. లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపి, 500 కిలోమీటర్లు తిరిగేవరకు యాక్సిలరేటరు సగానికి మించి తిప్పవద్దని తాతయ్య ఆజ్ఞ. ఇప్పటికి 340 తిరిగింది. అలిగినవాడే ప్రతి శనివారం సాయంత్రం ప్రార్థన కూటానికి దానిమీద పల్లెకు వెళ్తున్నాడు. వానలు ఇంకా మొదలవలేదు.