అటకెక్కిన లెగో రోబో మళ్లీ కదలాలా? పాత పీసీ కోసం వెతకొద్దు.. చిన్న బోర్డు చాలు!

ఆరు పెన్సిల్ సెల్స్ వేసి బటన్ నొక్కితే స్క్రీన్ మీద అంకెలు కనిపిస్తాయి. మోటార్ తిరుగుతుంది. సెన్సార్లూ బాగానే ఉన్నాయి. కానీ కొత్త ప్రోగ్రామ్ మాత్రం ఎక్కదు! 1998లో వచ్చిన లెగో మైండ్‌స్టార్మ్స్ కిట్‌ను దాచుకున్న చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. బొమ్మ చెడిపోలేదు. దానికీ కంప్యూటర్‌కీ మధ్య ఉండాల్సిన దారి మూసుకుపోయిందంతే.

ఆ దారిని మళ్లీ తెరవడానికి పాతికేళ్ల కిందటి కంప్యూటర్ కోసం వెతకాల్సిన పని లేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక ఐఆర్ ఎల్ఈడీ, ఒక రిసీవర్ ఉంటే చాలు. అదెలాగో చూద్దాం.

ఇంతకీ ఏంటీ ‘ప్రోగ్రామబుల్ బ్రిక్’?

పిల్లలు కంప్యూటర్‌తో ఏదో ఒకటి తయారుచేస్తూ నేర్చుకోవాలన్నది ఎంఐటీ ప్రొఫెసర్ సీమోర్ పాపెర్ట్ ఆలోచన. ఆయన 1980లో రాసిన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకం పేరునే లెగో తన రోబో కిట్‌కు పెట్టుకుంది.

ఈ వరుసలో ముఖ్యమైనవి మూడు.

1. ఇంటర్‌ఫేస్ ఏ: 1980ల నాటిది. 6 అవుట్‌పుట్లు, 2 ఇన్‌పుట్లు ఉంటాయి. ఇందులో ప్రాసెసర్ లేదు. పని మొత్తం కంప్యూటర్‌దే.

2. ఇంటర్‌ఫేస్ బీ: 1990లలో స్కూళ్ల కోసం వచ్చింది. 8 అవుట్‌పుట్లు, 8 ఇన్‌పుట్లు. సీరియల్ కేబుల్‌తో పనిచేస్తుంది.

3. ఆర్‌సీఎక్స్: 1998 నాటి పసుపు రంగు బ్రిక్. 3 మోటార్లు, 3 సెన్సార్లు తగిలించొచ్చు. లోపల హిటాచీ హెచ్8 చిప్, 32 కిలోబైట్ల ర్యామ్ ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా సాధారణంగా అంతకంటే పెద్దదే!

మరి సమస్య ఎక్కడ?

ఆర్‌సీఎక్స్‌కు కేబుల్ ఉండదు. ‘టవర్’ అనే చిన్న పరికరాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తే, అది టీవీ రిమోట్ లాగా ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో బ్రిక్‌తో మాట్లాడుతుంది. మొదట సీరియల్ పోర్ట్ టవర్ వచ్చింది, తర్వాత యూఎస్‌బీ టవర్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీరియల్ పోర్టే లేదు. యూఎస్‌బీ టవర్‌కేమో 64 బిట్ విండోస్ డ్రైవర్‌ను లెగో ఇవ్వలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆర్‌సీఎక్స్‌ను నడిపే ఫర్మ్‌వేర్ ర్యామ్‌లోనే ఉంటుంది. బ్యాటరీలు తీసి కాసేపు పక్కన పెడితే చెరిగిపోతుంది. మళ్లీ ఎక్కించాలంటే టవరే దిక్కు. అంటే టవర్ పనిచేయకపోతే బ్రిక్ ఉన్నా లేనట్టే.

టవర్ ఉన్నవాళ్లకు కొంత సులువు. యూఎస్‌బీ టవర్‌కు లైనక్స్‌లో డ్రైవర్ ఉంది. సీరియల్ టవర్‌ను యూఎస్‌బీ-సీరియల్ కేబుల్‌తో ప్రయత్నించొచ్చు. టవర్ లేనివాళ్లు, లేదా బ్రిక్‌ను తమ సొంత ప్రాజెక్టులో కలపాలనుకునేవాళ్లు మైక్రోకంట్రోలర్‌తో టవర్ పని చేయించుకోవచ్చు.

బ్రిక్ భాష ఎలా తెలిసింది?

ఆర్‌సీఎక్స్ మార్కెట్లోకి వచ్చిన కొద్ది వారాల్లోనే అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విద్యార్థి కెకోవా ప్రౌడ్‌ఫుట్ దాని లోపలి లెక్కలన్నీ విప్పి అందరి ముందూ పెట్టారు. ఆ వివరాల ఆధారంగానే డేవ్ బామ్ ‘ఎన్‌క్యూసీ’ అనే ప్రోగ్రామింగ్ భాషను, మార్కస్ నోగా ‘లెగ్‌ఓఎస్’ను తయారుచేశారు. లెగో వీళ్లను అడ్డుకోలేదు. పైగా ఇలా మార్చుకునే హక్కును తన సాఫ్ట్‌వేర్ లైసెన్సులోనే చేర్చింది. ఆ బ్రిక్ ఇప్పటికీ బతికుండటానికి అసలు కారణం ఇదే.

ఆ భాష ఇలా ఉంటుంది

ఆర్‌సీఎక్స్ సెకనుకు 2400 బిట్ల వేగంతో మాట్లాడుతుంది. 8 డేటా బిట్లు, ఆడ్ పారిటీ, 1 స్టాప్ బిట్. ఐఆర్ వెలుగు 38 కిలోహెర్ట్జ్ వేగంతో మినుకుమినుకుమంటుంది. మన టీవీ రిమోట్లలో ఎక్కువ భాగం వాడేదీ దాదాపు ఇదే ఫ్రీక్వెన్సీ. అందుకే రిమోట్ల కోసం అమ్మే రిసీవర్లతోనే పని మొదలుపెట్టొచ్చు.

‘ఉన్నావా?’ అని బ్రిక్‌ను పలకరించే సందేశం హెక్స్ అంకెల్లో ఇది: 55 ఎఫ్ఎఫ్ 00 10 ఈఎఫ్ 10 ఈఎఫ్. ఇందులో మొదటి మూడు బైట్లు ‘వినబోతున్నావు’ అని చెప్పే పిలుపు. 10 అసలు ఆదేశం. చివరి జత చెక్‌సమ్. ఇక్కడ ఒక్కటే ఆదేశం ఉంది కాబట్టి చెక్‌సమ్ కూడా 10 అయింది.

మరి ప్రతి అంకె పక్కనా ఈఎఫ్ ఎందుకు? 10ని బిట్లలో తిరగేస్తే వచ్చేది ఈఎఫ్. అలా ప్రతి బైట్ వెంట దాని ఉల్టా వెళ్తుంది కాబట్టి ఒకట్లు, సున్నాలు సమానంగా ఉంటాయి. వెలుగు సగటు మారదు, రిసీవర్ తడబడదు. పైగా మధ్యలో ఏదైనా బైట్ చెడితే అక్కడే పట్టేయొచ్చు.

కనెక్షన్ ఎలా ఇవ్వాలి?

పంపే వైపు చిన్న కిటుకు ఉంది. బోర్డులోని ఒక పిన్ నుంచి టైమర్‌తో 38 కిలోహెర్ట్జ్ సిగ్నల్ తీయాలి. ఐఆర్ ఎల్ఈడీ పాజిటివ్ కాలును ఆ పిన్‌కు ఇవ్వాలి. రెండో కాలును 220 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా సీరియల్ టీఎక్స్ పిన్‌కు కలపాలి. సీరియల్‌లో ‘0’ బిట్ వెళ్లేటప్పుడు టీఎక్స్ పిన్ లో అవుతుంది. అప్పుడే ఎల్ఈడీ మినుకుతుంది. ‘1’ వెళ్లేటప్పుడు ఆరిపోతుంది. ఆర్‌సీఎక్స్‌కు కావాల్సింది కచ్చితంగా ఇదే!

వినే వైపు ఇంకా తేలిక. 38 కిలోహెర్ట్జ్ ఐఆర్ రిసీవర్‌కు కరెంటు, గ్రౌండ్ ఇచ్చి, అవుట్‌పుట్‌ను సీరియల్ ఆర్‌ఎక్స్ పిన్‌కు కలిపితే సరి. వెలుగు కనిపించినప్పుడు దాని అవుట్‌పుట్ లో అవుతుంది కాబట్టి మధ్యలో మరే సర్క్యూటూ అక్కర్లేదు. రిసీవర్ కొనేటప్పుడు మాత్రం డేటా ఆగకుండా వచ్చినా తట్టుకునే మోడల్ చూసుకోవాలి. కొన్ని రకాలు ఆగకుండా వచ్చే సిగ్నల్‌ను రణగొణ అనుకుని అణిచేస్తాయి.

ఇక బోర్డు సంగతి. ఆర్డుయినో ఊనోలో ఉన్న ఒకే ఒక్క హార్డ్‌వేర్ సీరియల్ కంప్యూటర్‌తో మాట్లాడటానికే సరిపోతుంది. అందుకే రెండో సీరియల్ ఉన్న ఆర్డుయినో లియోనార్డో, ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై పీకో లాంటివి మేలు. ఈఎస్‌పీ32 అయితే వైఫై, బ్లూటూత్ కూడా ఉంటాయి. అంటే ఫోన్‌లో బటన్ నొక్కితే 1998 నాటి రోబో కదులుతుంది!

ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు

• మొదటిసారి బీప్ వస్తుంది, రెండోసారి రాదు: ఒకే ఆదేశం వరుసగా రెండుసార్లు వస్తే ‘పాతదే మళ్లీ పంపారు’ అనుకుని ఆర్‌సీఎక్స్ పట్టించుకోదు. అందుకే ఆదేశంలో ఒక బిట్‌ను మార్చి మార్చి పంపాలి. సౌండ్ ఆదేశం ఒకసారి 51 అయితే తర్వాతిసారి 59.

• పంపిందే తిరిగొస్తుంది: పక్కనే ఉన్న రిసీవర్ మన ఎల్ఈడీ వెలుగును కూడా చూస్తుంది. ముందుగా వచ్చిన మన బైట్లను పారేసి, ఆ తర్వాత వచ్చేదే జవాబుగా తీసుకోవాలి.

• ఫర్మ్‌వేర్ మధ్యలో ఆగిపోతుంది: ఎక్కించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. బ్రిక్‌ను జానెడు దూరంలో, ఎదురెదురుగా కదలకుండా ఉంచాలి. ఎండ తగలకూడదు. బ్యాటరీలు కొత్తవై ఉండాలి.

అంతకంటే పాతవైతే?

ఇంటర్‌ఫేస్ ఏ అన్నింటికంటే సులువు. ఒక్కో అవుట్‌పుట్‌కు ఒక్కో వైర్. 20 పిన్‌ల రిబ్బన్ కేబుల్ నుంచి ఆర్డుయినో ఊనోకు 8 సిగ్నల్ వైర్లు, గ్రౌండ్ తెచ్చుకుంటే.. పిన్ ఆన్ చేస్తే అవుట్‌పుట్ ఆన్. ప్రోటోకాల్ అంటూ ఏమీ లేదు.

ఇంటర్‌ఫేస్ బీ మాత్రం కాస్త సరదా మనిషి! సెకనుకు 9600 బిట్ల వేగంతో కంప్యూటర్ ముందు ‘డు యూ బైట్, వెన్ ఐ నాక్?’ అని పంపాలి. అప్పుడు అది ‘జస్ట్ ఎ బిట్ ఆఫ్ ది బ్లాక్!’ అని బదులిచ్చి, సెన్సార్ల లెక్కలు 19 బైట్ల ప్యాకెట్లుగా పంపుతూ పోతుంది. రెండు సెకన్లకోసారైనా పలకరించకపోతే మాట మానేస్తుంది. అందుకే ప్రోగ్రామ్‌లో ఏ పనీ చేయని ఒక ఆదేశాన్ని క్రమం తప్పకుండా పంపుతుండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటర్‌ఫేస్ బీ సీరియల్ పోర్టులో మైనస్ వోల్టేజీలు కూడా వస్తాయి. ఈఎస్‌పీ32 పిన్‌లు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. నేరుగా కలిపితే బోర్డు కాలిపోవచ్చు. మధ్యలో మ్యాక్స్3232 కన్వర్టర్ పెట్టడం తప్పనిసరి. అలాగే లెగో 9 వోల్ట్ మోటార్లను బోర్డు పిన్‌కు నేరుగా తగిలించొద్దు. మోటార్ డ్రైవర్ వాడాలి.

అసలు పాఠం ఇదీ

మైండ్‌స్టార్మ్స్ వరుసకు లెగో 2022 చివర్లో ముగింపు పలికింది. చివరి కిట్లు ఎక్కువగా యాప్ మీదే ఆధారపడ్డాయి. వాటి హబ్‌ల కోసం కూడా ‘పైబ్రిక్స్’ పేరుతో ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఉంది కాబట్టి కంపెనీ యాప్ ఆగినా బొమ్మ ఆగదు.

అన్ని వస్తువులకూ ఆ అదృష్టం ఉండదు. యాప్ ఆగిపోతే పనికిరాకుండా పోయే స్మార్ట్ వస్తువులు ఇప్పుడు మన ఇళ్లలోనే బోలెడున్నాయి. పిల్లలకు రోబో కిట్ కొనేటప్పుడు ఎన్ని ముక్కలున్నాయన్నదే కాదు.. కంపెనీ యాప్ లేకుండా ఇది నడుస్తుందా, దీని భాష ఎక్కడైనా రాసి ఉందా అని కూడా చూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న స్కూళ్ల విద్యార్థులకు మైక్రోకంట్రోలర్లు కొత్తేమీ కాదు. ఆర్‌సీఎక్స్ దొరకకపోయినా ఇదే కిటుకును ఇంట్లోని పాత టీవీ రిమోట్‌తో మొదలుపెట్టొచ్చు. ఒక ఐఆర్ రిసీవర్ పెట్టి, ఏ బటన్‌కు ఏ కోడ్ వస్తుందో రాసుకోవడమే తొలి మెట్టు. ఆ కోడ్ తెలిస్తే చాలు.. అదే రిమోట్‌తో బోర్డుకు తగిలించిన బల్బును వెలిగించొచ్చు.