పవర్ బీఐ మ్యాప్‌లో మీ ఇల్లు కనిపించాలా?

పవర్ బీఐ రిపోర్ట్‌లో రాష్ట్రాలకు రంగులు వేయడం తేలికే. చిక్కంతా వీధుల దాకా దిగినప్పుడే. ‘మెయిన్ స్ట్రీట్’ అనే పేరు అమెరికాలో ఎన్నో ఊళ్లలో ఉంటుంది. ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్ కలిపి ఇవ్వకపోతే చుక్క ఇంకెక్కడో పడుతుంది. పూర్తి అడ్రస్‌ను ఒకే కాలమ్‌లో పెట్టి, డేటా కేటగిరీని ‘అడ్రస్’గా మార్చండి.

అంతకంటే నమ్మకమైనవి అక్షాంశ, రేఖాంశాలు. ఇక్కడి రేఖాంశాలకు ముందు మైనస్ గుర్తు ఉంటుంది (మన హైదరాబాద్‌కు ఉండదు). అది జారిపోయిందా, టెక్సాస్‌లోని ఇర్వింగ్ వెళ్లి టిబెట్ పీఠభూమి మీద తేలుతుంది! ఈ అంకెలను ‘డోంట్ సమ్మరైజ్’లో ఉంచాలి, లేదంటే పవర్ బీఐ వాటిని కూడేయవచ్చు. ఆపై అజూర్ మ్యాప్స్ విజువల్‌లో వేసి జూమ్ చేస్తే వీధుల పేర్లతో సహా కనిపిస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆ తర్వాతే. తెలుగు సంఘం వాలంటీర్లు సభ్యుల ఇళ్లను ఇలా గుర్తించి ‘పబ్లిష్ టు వెబ్’ నొక్కితే, ఆ రిపోర్ట్ లాగిన్ లేకుండానే ఎవరికైనా తెరుచుకుంటుంది. విరాళాన్ని బట్టి చుక్క సైజు పెట్టారంటే, ఏ ఇంట్లో డబ్బుందో దారిన పోయేవాళ్లకు చెప్పినట్టే.

సంఘం పనులకు చాలావరకు జిప్ కోడ్ సరిపోతుంది. ఇంకా దగ్గరగా చూడాలంటే సెన్సస్ బ్లాక్ గ్రూప్ ఉంది. ఒక్కోదానిలో సాధారణంగా 600 నుంచి 3,000 మంది ఉంటారు. లెక్కలు అలా కలిపాక, ఇంటి అడ్రస్ కాలమ్‌ను దాచడం కాదు, పబ్లిష్ చేసే ఫైల్ నుంచే తీసేయండి. వీధి చుక్కలను గుడికి, తెలుగు బడికి, ఫుడ్ డ్రైవ్ సెంటర్లకు వాడుకోండి.