నేల నడకను కొలిచే ఉపగ్రహాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాలలో ఎటు చూసినా బండరాతి గుట్టలే కనిపిస్తాయి. ఈ శిలలలో చాలా భాగం సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి, లేదా అంతకంటే పురాతనమైనవి. స్థిరత్వానికి మారుపేరుగా తోచే ఈ గుట్టలు సైతం నిశ్చలంగా లేవు. భారత భూఫలకంతో పాటు ఇవి ఏటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిశగా సాగిపోతున్నాయి. మూడు పట్టణాలూ కలిసి కదలడం వలన వాటి మధ్య దూరం మారదు. అందుచేత ఆ ప్రయాణం ఎవరికీ తెలియదు.

ఇరుగుపొరుగు నేలలు వేరువేరు వేగాలతో కదిలినప్పుడే ప్రమాదం పొంచి ఉంటుంది. ధర్మవరం మగ్గంపై పడుగు దారాన్ని అతిగా బిగిస్తే, తెగే క్షణం వరకు అది నిశ్శబ్దంగానే సాగుతుంది. పగుళ్ల వెంట పరస్పరం బిగుసుకొన్న శిలలు కూడా అదే విధంగా దశాబ్దాల తరబడి, శతాబ్దాల తరబడి వంగుతూ ఉంటాయి. ఆ బిగువు ఒక్కసారిగా సడలడమే భూకంపం. రెండు భూకంపాల నడుమ ఏటా కొన్ని మిల్లీమీటర్లుగా జరిగే ఈ మార్పును పసిగట్టడానికి ఉపగ్రహాలు తోడ్పడుతున్నాయి.

ఇందుకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది జి.పి.ఎస్. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను నేలపై స్థిరంగా నాటిన గ్రాహకాలు అందుకొంటాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోను, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలోను ఇటువంటి కేంద్రాలున్నాయి. ఏళ్ల తరబడి సేకరించిన కొలతలను సరిపోల్చినప్పుడే మిల్లీమీటర్ల కదలిక స్పష్టమవుతుంది. రెండవది రాడార్ పద్ధతి. ఒకే ప్రదేశాన్ని వేరువేరు తేదీలలో చిత్రించి, తిరిగివచ్చిన తరంగాల దశలలోని భేదాన్ని బట్టి నేల ఎంత జరిగిందో లెక్కిస్తారు. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ప్రయోగించిన నైసార్ ఉపగ్రహం 12 రోజులకొకసారి అదే ప్రదేశాన్ని తిరిగి చూసేలా రూపొందింది.

భారత ఫలకపు గమనంలో ఏటా సుమారు 2 సెంటీమీటర్ల మేర హిమాలయాల వద్ద నొక్కుకుపోతున్నదని ఈ కొలతలు తెలిపాయి. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో సంభవించిన భూకంపంలో ఆ బిగువు కొంత సడలి, ఖాట్మండు లోయ క్షణాలలో దాదాపు ఒక మీటరు పైకి లేచింది. దక్షిణాదిలో మార్పు అత్యల్పం. 19వ శతాబ్దంలో సర్వే శాఖ కొలిచిన కొన్ని స్థానాలను 1994లో జి.పి.ఎస్.తో మరల కొలిచినప్పుడు, ద్వీపకల్పం దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నట్లు తేలింది.

అయితే కొలతకు అందనంత మందగమనాన్ని అభయంగా భావించరాదు. స్థిరమైనదని నమ్మిన దక్కను పీఠభూమిపైనే 1993 సెప్టెంబరు 30న కిల్లారి భూకంపం సంభవించింది. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు కూలి దాదాపు పదివేల మంది మరణించారు. బిగువు ఎక్కడ పెరుగుతున్నదో ఉపగ్రహం చెప్పగలదు గాని, భూకంపం వచ్చే దినాన్ని చెప్పలేదు. కావున నేలను కొలవడం శాస్త్రజ్ఞుల బాధ్యత కాగా, ఆ నేలపై దృఢమైన ఇల్లు కట్టుకోవడం ప్రజల బాధ్యత.