నేతపల్లెకు యంత్రము వచ్చినప్పుడు

గ్రామములోనికి క్రొత్త యంత్రము వచ్చుట మేలా, కీడా అను ప్రశ్న పంచాయతీ సభ్యులకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురగుచునే యుండును. వరికోత యంత్రమైనను, పిండిమరయైనను, మరమగ్గమైనను వాదము ఒకటే. పని త్వరగా అగునని ఒకరందురు. చేతిలోని కూడు పోవునని మరియొకరందురు. ఇద్దరి మాటయందును నిజము కలదు. ఆ యంత్రము ఏ పనిని తీసికొన్నది, ఎవరి చేతిలో నున్నది అను రెండు సంగతులు తెలియనిదే తీర్పు చెప్పరాదు. దీనిని గ్రహించుటకు నేతపని చక్కని ఉదాహరణము.

1733లో ఇంగ్లండు దేశమున జాన్ కే అనునతడు త్రాడు లాగినచో నాడె తనంతట పరుగెత్తు ఏర్పాటును కనిపెట్టెను. అంతకుముందు వెడల్పు బట్టకు ఇద్దరు కావలసియుండగా, తరువాత ఒక్కడే చాలెను. నేత వేగము పెరుగగా నూలు చాలలేదు. ఆ కొరత నుండియే నూలు వడకు యంత్రములు పుట్టినవి. గొలుసులో ఒక పని ముందునకు సాగిన, ప్రక్కపని వెనుకబడును. మొత్తము ఉత్పత్తిని నిర్ణయించునది ఆ వెనుకబడిన పనియే. ఉత్పాదకత యను పెద్దమాటలోని అసలు విషయ మిదియే.

ఈ నాడె 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో మన కోస్తా జిల్లాల మగ్గములకును చేరినది. ఖర్చు స్వల్పము గనుక నేతగాడు తన యింటనే, తన మగ్గము మీదనే దానిని వాడుకొనగలిగెను. కాని మిల్లు నూలు అంతకు పూర్వమే వచ్చి, రాట్నము త్రిప్పుకొను స్త్రీల జీవనమును దెబ్బతీసియుండెను. ఒక యంత్రము నేతగానికి తోడ్పడినది; మరియొకటి వడకు స్త్రీని విడిచిపోయినది.

మరమగ్గము కథ వేరు. ఒక కార్మికుడు పలు మగ్గములను చూచుకొనును. బట్ట చవుక యగును. చవుక బట్ట పేదవానికి మేలే, దేశమునకు లాభమే. అయితే అదే రకము బట్టను చేతితో నేయువాడు ఆ ధరకు అమ్మలేడు. అందువలననే కొన్ని రకములను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు శాసనము చేసినది. ఆ రకములు ఇప్పుడు 11. సిరిసిల్లలో నేతవారే మరమగ్గములకు మారిరి. యజమాని, ఆసామి, కార్మికుడు అను మూడు మెట్ల ఏర్పాటు అక్కడ కలదు. బట్ట విస్తారముగా తయారైనను, కొనువారు తగ్గిన దినములలో బరువంతయు క్రింది మెట్టుపైననే పడినది. 1990ల చివరను, ఆ తరువాతను అక్కడ జరిగిన ఆత్మహత్యలు మరువరానివి. 2017 నుండి కొన్ని సంవత్సరములు ప్రభుత్వము బతుకమ్మ చీరలు నేయించుటచే మగ్గములకు పని దొరకినది. ఉత్పత్తి పెరిగినంత మాత్రమున సంపద పెరుగదు. సరకు అమ్ముడుపోవలెను, కూలి ఇల్లు చేరవలెను.

ఇక ఆసు యంత్రము సంగతి. పోచంపల్లి పట్టుచీరకు రంగులద్దుటకు ముందు పేక నూలును అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు పోయవలెను. ఒక చీరకు చేయి సుమారు 9,000 పర్యాయములు అటునిటు కదలును. నాలుగైదు గంటలు పట్టును. ఇది ఇంటి స్త్రీల పని. భుజములు, మోచేతులు నొప్పులతో పట్టుకొనిపోవుటచే కొందరు దానిని మానుకొనవలసివచ్చెడిది. అప్పుడు మగ్గమును ఆగెడిది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి బాధను చూచి, సంవత్సరముల తరబడి శ్రమించి, 1999లో ఈ పనికి యంత్రమును సిద్ధపరచి, దానికి ఆమె పేరే పెట్టెను. ఇప్పుడు ఒక చీర ఆసు గంటన్నరలో ముగియును. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

ఈ యంత్రము నేతను తీసికొనలేదు. నేతకు అడ్డుగా నున్న బాధను తీసికొన్నది. చిటికి కట్టుట, రంగులద్దుట, నేయుట మనుష్యుల చేతనే యున్నవి. మిగిలిన గంటలు ఇంటివారివే. 2019-20 చేనేత గణనము ప్రకారము దేశములో 35 లక్షలకు పైబడిన చేనేత పనివారు కలరు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. కావున ఇంటి స్త్రీ శ్రమను లెక్కలోనికి తీసికొనని పరిశ్రమాభివృద్ధి పథకము సగము పథకమే యగును.

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో చిన్న పరిశ్రమలు, ఖాదీ, గ్రామ కుటీర పరిశ్రమలు చేరియున్నవి. కావున యంత్రమునకు అప్పు కోరుచు ఎవరైనను పంచాయతీ వద్దకు వచ్చినప్పుడు సభ్యులు అడుగవలసినవి కొన్ని కలవు. ఇంతవరకు ఆ పని చేయుచున్నవారెవరు? వారిలో యంత్రమును నడుపగలవారెందరు? యంత్రము ఒకరి సొత్తుగా నుండునా, సహకార సంఘమునకు చెందునా? కరెంటు బిల్లు ఎవరు కట్టుదురు? తయారైన సరకును ఎవరు కొందురు? సభలో ఈ ప్రశ్నలు వేయునప్పుడు, ఆ పని చేయు స్త్రీలను కూడ పిలిపించి వినవలెను. లెక్కలు వారికి బాగుగ తెలియును.