వార్తల్లో పదం: కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్

సిరిసిల్ల ప్రాంతంలోని ఎల్లంతకుంటలో ఓ మహిళ రూ.50,000 అప్పు తీసుకుందనుకుందాం. ప్రాసెసింగ్ ఫీజు, బీమా కింద రూ.2,500 పట్టుకుని మిగతాది చేతిలో పెడతారు. వడ్డీ మాత్రం మొత్తం రూ.50,000 మీద! అసలు భారాన్ని ఇలా దాచడాన్ని ఆపడానికి రిజర్వ్ బ్యాంకు తప్పనిసరి చేసిన కాగితమే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్, చిన్న పరిశ్రమల టర్మ్ రుణాలన్నిటికీ వర్తిస్తోంది. వడ్డీ, ఫీజులు, బీమా కలిపిన వార్షిక భారం అందులో ఒకే శాతంగా కనిపించాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో, సంతకానికి ముందే ఇవ్వాలి. అందులో లేని ఛార్జీని వారి స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు. అసలు బలం ఈ నిబంధనలోనే ఉంది. అప్పులు మరమగ్గాల కార్మికులను ఎంత కుంగదీశాయో చూసిన సిరిసిల్ల ప్రాంతంలో ఈ కాగితాన్ని తెలుగులో అడిగి తీసుకోవాలి. ఈ కాగితంతో పాటు మరో రక్షణ కూడా ఉంది: మైక్రోఫైనాన్స్ అప్పును ముందుగా తీర్చినా జరిమానా వేయకూడదు. ఫిర్యాదుకు అప్పిచ్చిన సంస్థ 30 రోజుల్లో బదులివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.